కానుపుకు నూరిన చాకు

ఆరోగ్యమ్మ ఇంట్లో కత్తిపీట లేదు, కొడవలి లేదు, గొడ్డలి సంగతి అసలే అడగొద్దు. ఉన్నదల్లా ఒక మడతచాకు. అరచేతిలో ఇమిడే కొమ్ము పిడి, అందులోకి ముడుచుకునే ఒకే ఒక్క అలుగు. మొగుడు శౌరి బతికున్న రోజుల్లో కారంపూడి సంతలో సానపట్టే జమాల్ దగ్గర బేరమాడి కొన్నాడు. ఆ మరుసటేడే శౌరి కలరాతో పోయాడు. ఆమెకు మిగిలింది ఆ చాకూ, నాలుగు మేకలూ, మార్తమ్మ అనే మూడేళ్ళ ఆడపిల్లా. వాటితోనే పదిహేనేళ్ళు నెట్టుకొచ్చింది.

తెల్లారి వేపపుల్ల చెక్కేది ఆ చాకుతోనే. ఉల్లిపాయ తరిగేది, చుట్టకు పొగాకు కోసేది, మేకలకు తుమ్మరెమ్మలు కొట్టేది, వాటి గిట్టలు పెరిగితే చెక్కేది, కాల్లో ముల్లు విరిగితే తవ్వి తీసేది, అన్నీ దాంతోనే. ఇరుగుపొరుగు కత్తిపీట ఇస్తామన్నా తీసుకునేది కాదు. రొంటిన దోపుకున్న చాకును తడిమి చూపించి, "నాకు ఉంది గదా" అనేది. కాస్త పొగరే అనుకోండి. ఒంటరి ఆడదానికి ఆపాటి పొగరు లేకపోతే ఊరు బతకనిస్తుందా?

పల్లెలో బిడ్డల బొడ్డు కోసేదీ ఆ చాకే. ఆరోగ్యమ్మ మంత్రసాని. బిడ్డ బయటపడగానే రొంటినుంచి చాకు తీసి, మడత విప్పి, కొంగుతో ఒకసారి తుడిచి కోసేది. కోసినచోట పొయ్యిలో బూడిద అద్దేది. ఆమెకు పని నేర్పిన తల్లి చేసిందీ అదే. పదిమంది పుడితే ఒకరో ఇద్దరో పురుట్లోనే కన్నుమూసేవాళ్ళు. అందుకు మంత్రసానిని ఎవరూ ఒక్క మాట అనేవాళ్ళు కాదు. ఏడ్చి, పూడ్చి, మళ్ళీ పనుల్లో పడేవాళ్ళు.

కానీ ఆరోగ్యమ్మ ఇంట్లోనే వరసగా ఇద్దరు పోయారు. మార్తమ్మను ఈపూరులో దానియేలుకిచ్చి చేసింది. మొదటి కానుపుకు పుట్టింటికి వచ్చిన పిల్ల, మగబిడ్డను కని ఏడో రోజున పోగొట్టుకుంది. రెండో కానుపూ అక్కడే. ఈసారి ఎనిమిదో రోజు. ఇద్దరిదీ ఒకటే తీరు. చక్కగా పాలు తాగుతున్న బిడ్డ ఉన్నట్టుండి రొమ్ము పట్టడం మానేసింది, దవడ బిగుసుకుపోయింది, ఒళ్ళు విల్లులా వంగింది. మొదటిసారి దిష్టి అన్నారు. రెండోసారి పక్షిదోషం అన్నారు. మార్తమ్మ అత్తగారికి ఆ రెండూ చాలలేదు. "దీని పాలే విషం. లేకపోతే బంగారంలాంటి బిడ్డలు ఇట్టా కొయ్యబారి పోతారా?" అని వాడంతా వినేటట్టు అన్నది. ఆ మాట మార్తమ్మ మనసులో దిగబడిపోయింది. రాత్రీ పగలూ అదే ధ్యాస. తన పాలు తన బిడ్డల్నే చంపుతున్నాయని నమ్మింది.

మూడోసారి నెలలు నిండేసరికి సాగరు డ్యాము పనులు జోరుగా సాగుతున్నాయి. ఊళ్ళకు కొత్తగా సర్కారు నర్సులు రావడం మొదలైంది. ఆరోగ్యమ్మ ఊరికి వచ్చే నర్సు పేరు సుబ్బరత్నం. ఎండలో గొడుగేసుకుని నడిచొచ్చి, మంత్రసానుల్ని కూర్చోబెట్టి, బొడ్డు కోసే చాకును అన్నం ఉడికినంతసేపు నీళ్ళలో కాగబెట్టాలని చెప్పింది.

"చాకును ఉడకబెట్టుకుని తినాల్నా ఏందమ్మా?" అన్నది ఆరోగ్యమ్మ. అందరూ నవ్వారు. నర్సు కూడా నవ్వింది గానీ, చెప్పిన మాట మళ్ళీ చెప్పింది.

ఇంటికొచ్చాక ఆరోగ్యమ్మకు నవ్వు నిలవలేదు. కడుపు పట్టుకుని అరుగుమీద కూర్చున్న కూతురిని చూసింది. ఏ పుట్టలో ఏ పాముందో, చదువుకున్నామె చెప్పింది చేస్తే పోయేదేముంది అనుకుంది. ఈ బిడ్డ దక్కకపోతే మార్తమ్మ కూడా దక్కదని ఆమెకు తెలుసు. పిల్ల అప్పటికే సగం మనిషైంది.

నొప్పులు ఒక ఉదయం మొదలయ్యాయి. ఆరోగ్యమ్మ అనుకున్న మాట తప్పలేదు. కుండలో నీళ్ళు పోసి, చాకు మడత విప్పి అందులో వేసి, అన్నం ఉడికే సమయం కంటే ఎక్కువసేపే కాగబెట్టింది. రెండు పుల్లలతో ఎత్తి బయటికి తీసింది. ఆరాక అలవాటుకొద్దీ గోటిమీద ఆనించి చూసింది. మొద్దుగా తోచింది. నీళ్ళలో అంతసేపు కాగితే పదును చచ్చిపోయిందనుకుంది. మొద్దు చాకుతో రంపం లాగినట్టు పసిబిడ్డ బొడ్డు కొయ్యడానికి ఆమెకు చేతులు రాలేదు.

పరాయి ఇళ్ళలో అయితే చాకు ఎట్లా ఉంటే అట్లాగే కోసేది. కూతురి కానుపు కూతురి కానుపే కదా. అందుకని మేకల దొడ్డి గుమ్మం దగ్గరికి పోయింది. అక్కడ మేకలు తొక్కి తొక్కి నున్నబడిన బండ ఉంది. ఆమె ఎప్పుడు నూరుకున్నా దానిమీదే. మేకల కుడితి తొట్లోంచి దోసెడు నీళ్ళు చల్లి, అటు పదిసార్లు, ఇటు పదిసార్లు నూరింది. కొంగుతో తుడిచింది. ఆడబిడ్డ పుట్టింది. బొడ్డు ఒక్క వేటుకు తెగింది. బిడ్డకు నొప్పి తెలియకుండా కోశానని ఆరోగ్యమ్మ ఎంతో సంబరపడింది.

అయిదు రోజులు మార్తమ్మ బిడ్డకు పాలిచ్చిన ప్రతిసారీ మొహం పక్కకు తిప్పుకుంది. ఆరో రోజు పొద్దున బిడ్డ రొమ్ము పట్టలేదు. చెంపలు నొక్కినా నోరు తెరవలేదు. చూడవచ్చిన దానియేలు వెంటనే బండి కట్టాడు. పచ్చి బాలింతను, బిడ్డను, ఆరోగ్యమ్మను ఎక్కించుకుని కారంపూడిలో నర్సు ఉండే ఇంటికి తోలాడు.

సుబ్బరత్నం బిడ్డను చేతుల్లోకి తీసుకుంది. దవడ చూసింది, బొడ్డు చూసింది.

"చాకు కాగబెట్టావా ఆరోగ్యమ్మా?"

"కాగబెట్టానమ్మా. మీరు చెప్పినదానికంటే ఇంకాసేపు ఎక్కువే."

"తీశాక దేనికైనా తగిలిందా?"

"ఎందుకు తగులుద్దమ్మా? పుల్లలతో ఎత్తి తీశా. పదును చచ్చిందని కాస్త నూరా, అంతే."

"ఎక్కడ నూరావు?"

"మా మేకల దొడ్డికాడ, బండమీద."

నర్సు బిడ్డను మెల్లగా మార్తమ్మ ఒళ్ళో పెట్టింది. తిట్టి ఉంటే ఆరోగ్యమ్మకు తేలిగ్గా ఉండేది. తిట్టలేదు. గొంతు తగ్గించి చెప్పింది. "ఈ జబ్బు పురుగు మట్టిలో, పేడలో ఉంటుందమ్మా. కంటికి కనపడదు. చాకుమీద అది ఉంటే చావాలనే కాగబెట్టమన్నాను. కాగబెట్టాక నువ్వు దాన్ని మళ్ళీ చాకుకు పట్టించావు. అది బొడ్డులోంచి ఒంట్లోకి పోయింది."

"ఇప్పుడు ఏం చెయ్యాలమ్మా?" అన్నాడు దానియేలు.

"గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. కానీ నిజం చెప్పాలి నాయనా, అంతదూరం ఈ బిడ్డ ఆగదు."

మార్తమ్మ అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తల్లివైపు తిరిగింది. "ముందు ఇద్దరికీ గూడా నూరావా అమ్మా?"

ఆరోగ్యమ్మ లేదనొచ్చు. ఆ రెండుసార్లూ చూసినవాళ్ళెవరూ లేరు. లేదంటే నమ్మడానికి కూతురు సిద్ధంగానే ఉంది. కానీ ఆ మాట నోటికి రాలేదు.

"నూరా," అన్నది. "నీకే నూరా. ఊళ్ళో ఇంకెవురికీ నూరలా. నా బిడ్డవు గదా అని."

మార్తమ్మ తల్లి మీదనుంచి చూపు తిప్పుకుంది. నర్సును అడిగింది. "అయితే నా పాలు మంచియ్యేనా అమ్మగారూ?"

"మంచివే తల్లీ. నీ పాలలో ఏ దోషమూ లేదు. ఎప్పుడూ లేదు."

మార్తమ్మ తల ఊపింది. చన్నుల్లో పాలు చేపి రవిక తడిసిపోతోంది. బిడ్డను గుండెకు అదుముకుని, ఇంటికి తోలమని మొగుడికి చెప్పింది.

ఊరు ఇంకా కోసు దూరం ఉందనగా బిడ్డకు ఊపిరి ఆగి ఆగి రావడం మొదలైంది. జ్ఞానస్నానం ఇంకా కాలేదు, అది లేకుండా పోతే బిడ్డకు మోక్షం దక్కదని వాళ్ళ నమ్మకం. ఫాదరుగారు ఊరికి నెలకొకసారి గానీ రారు. ఆయన లేనప్పుడు, చావుబతుకుల్లో ఉన్న బిడ్డకు మంత్రసాని నీళ్ళు పోసి జ్ఞానస్నానం మాటలు చెప్పవచ్చని, అందులో పవిత్రాత్మను ఇస్పిరితు సాంతు అనాలని, ఊళ్ళో ప్రార్థనలు చెప్పించే ఉపదేశి ఆరోగ్యమ్మకు నేర్పాడు. ముందు ఇద్దరినీ ఆమే అట్లా సాగనంపింది. ఇప్పుడూ నీళ్ళచెంబు అందుకోబోయింది.

"నువ్వు పొయ్యొద్దు," అన్నది మార్తమ్మ.

"పొయ్యకపోతే ఎట్టనే? బిడ్డ అట్టనే పోద్ది."

"నేను పోస్తా. నాకు మాటలు తెలవదు. నువ్వు అక్కణ్ణించే చెప్పు, నేను అంటా."

ఆరోగ్యమ్మ చెంబు కూతురి పక్కన పెట్టి బండి కొసకు జరిగింది. తన రెండు చేతుల్నీ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో కొంగుకింద దాచుకుంది. "ముందు పేరు చెప్పాలమ్మా. ఏం పేరు?"

"పిచ్చమ్మ."

పిల్లలు దక్కనివాళ్ళు, ఇదన్నా దక్కాలని పెట్టుకునే పేరది. కడుపుతో ఉన్నప్పుడే అనుకుని ఎవరికీ చెప్పకుండా దాచుకున్నట్టుంది.

"పిచ్చమ్మా, పిత, పుత్ర, ఇస్పిరితు సాంతు నామాన నేను నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను," అని ఆరోగ్యమ్మ ఒక్కో ముక్కా విడదీసి చెప్పింది. రాళ్ళబాటమీద చక్రాల మోతలో సగం మాటలు కలిసిపోయాయి.

మార్తమ్మ దోసిట్లో నీళ్ళు పట్టుకుని, బిడ్డ నుదుటిమీదికి చెయ్యి వంచి ఆగింది. "సరిగా వినపడలా," అన్నది, తల ఎత్తకుండా. "మళ్ళీ చెప్పు."

ఆరోగ్యమ్మ అల్లుణ్ణి బండి ఆపమని, పేరు దగ్గరినుంచి మళ్ళీ చెప్పింది.