కొలను పక్కన కుర్చీ

“కాస్త జరుగు” అనే మాట ఆ ఇంట్లో ఎక్కువగా ఆమెకే తగిలేది. ఇల్లు రైలుపెట్టెలా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ముందు హాలు, దాని వెనక గది, ఆ వెనక వంటిల్లు, చివర మూడు గోడల మధ్య చిన్న పెరడు. పెరట్లోకి వేరే దారి లేదు, ఏదైనా ఇంటి మధ్యలోంచే వెళ్ళాలి. అందుకని మంచినీళ్ళకొచ్చిన భర్తకు ఆమె స్టవ్ దగ్గర అడ్డం, చెయ్యి కడుక్కునే కూతురికి సింకు దగ్గర అడ్డం, పెరట్లోకి వెళ్ళే అత్తగారికి గుమ్మం దగ్గర అడ్డం. ఎవరూ విసుక్కోరు, మర్యాదగానే అంటారు. ఆమె చేతిలో పని చేతిలో ఉండగానే పక్కకు జరుగుతుంది. ఆమె మాత్రం ఎవరినీ ఎప్పుడూ జరగమనలేదు. ఆమె చూసేసరికి వాళ్ళు కూర్చుని ఉంటారు, కూర్చున్నవాళ్ళని లేపడం బాగుండదు కదా అనుకునేది.

పళ్ళ డాక్టరు దగ్గర కౌంటరులో ఉద్యోగం ఆమెది. పేరుకే కౌంటరు. ఫోన్లెత్తడం, వచ్చినవాళ్ళకు టైము రాసివ్వడం జీతంలో పని. డాక్టరుగారికి టీ పెట్టడం, సూది చూసి ఏడ్చే పిల్లల్ని సముదాయించడం ఆడమనిషి కాబట్టి వచ్చిపడిన పని. పేషంట్లు కూర్చునే గదికీ ఎక్స్‌రే గదికీ మధ్య, ఆకాశం కనిపించే చోట, చిన్న కొలను ఉంది. అందులో కోయ్ చేపలు. మోచేతి పొడుగున, ఎరుపూ తెలుపూ మచ్చలతో, పనీపాటా లేని పెద్దమనుషుల్లా అటూ ఇటూ తిరుగుతూ ఉంటాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం ఆమె వాటిని చూస్తూ గట్టు మీద కూర్చుంది. డాక్టరుగారు అటుగా వెళుతూ నవ్వుతూనే అడిగాడు. “పనేం లేదామ్మా?” ఆమె చెయ్యి దానంతటదే పక్కనున్న మేత డబ్బా మీదికి వెళ్ళింది. “మేత వేస్తున్నా సార్.” ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి చేపలకు మేత వెయ్యడం ఆమె పనుల్లో చేరింది, జీతంలో చేరలేదు. అయినా ఆమెకు గిట్టుబాటైన పని అదొక్కటే. ఒక్కో గింజా వేళ్ళతో వదులుతుంది. చేపలు నోళ్ళు తెరుచుకుని పైకొస్తాయి. డబ్బా చేతిలో ఉన్నంతసేపూ ఆమె కూర్చుని ఉండొచ్చు, ఎవరూ ఏమీ అడగరు.

ఈ మధ్య క్లినిక్‌కొచ్చే వాళ్ళ బండ్లు వీధిలో పట్టడం లేదని, గోడ కొట్టి ఆ కొలను పూడ్పించి అక్కడ బండ్లు పెట్టించాలని డాక్టరుగారు నిర్ణయించాడు. చేపలు కావలసినవాళ్ళు తీసుకెళ్ళండి, లేకపోతే రంగు చేపలమ్మే కొట్టువాడికి ఇచ్చేస్తానన్నాడు. అందరికంటే ముందు ఆమే నోరు తెరిచింది. “రెండు నేను తీసుకెళ్తాను సార్.” ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. నుదుట ఎర్ర మచ్చ ఉన్నదాన్నీ, వీపు మీద సిరా ఒలికినట్టుండే తెల్లదాన్నీ ఎంచుకుంది.

ఇంట్లో చెబితే అత్తగారు పెద్దగా నవ్వింది. “ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతానందట. బట్టలారెయ్యడానికే చోటు లేదు, మధ్యలో గుంట తవ్వుకుని చేపల్ని పెంచుతావా?” భర్త మాత్రం కాదనలేదు. కాదనకపోగా ఉత్సాహంగా పెన్సిలు తీశాడు. ఆయనకు పనులు చెయ్యడం కంటే పనులకు పథకాలు వెయ్యడం ఇష్టం. “నీకెందుకు, నేను చూస్తాగా” అని కాగితం మీద పెరడు గీశాడు. మేస్త్రీకి ఫోన్ చేసి, “ఏం చేస్తామయ్యా, ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం” అని పకపకా నవ్వాడు. అవతల మేస్త్రీ కూడా నవ్వినట్టున్నాడు. ఆమె అంట్లు తోముతూ విన్నది. ఆ సామెత చుట్టాలందరి ముందూ ఆయన వాడేదే, కొత్తగా బాధపడాల్సినదేం కాదు. కాకపోతే ఈసారి, ఇరుకు ఇంట్లో మర్కటం ఎక్కడ కూర్చుంటుంది అని ఒక ఆలోచన వచ్చిపోయింది.

పథకం నిజంగా బాగానే వేశాడు. బట్టలారేసే తాడు విప్పి పెరట్లో నేల మీద కొలను ఆకారంలో పరిచాడు. కూతురు ఫోన్‌లో చూసి చదివింది: నీళ్ళు నడుం లోతుకు తగ్గకూడదట, కొంచెం ఎండా కొంచెం నీడా ఉండాలట, మోటారు రాత్రింబవళ్ళూ తిరుగుతూ ఉండాలట. “ఇంకా చిన్నది చేస్తే చేపలు గిడసబారి చచ్చిపోతాయట నాన్నా” అంది. ఆయన సరేనని నీళ్ళను వడకట్టే పెట్టెకు ఒక మూల ఇచ్చాడు. పిల్లులు రాకుండా పైన వల. గట్టు మీద అత్తగారి పూలకుండీలు. పంపు దగ్గరకు నడవడానికి ఒక మనిషి పట్టేంత దారి. రెండో పక్క గోడ వారగా మామగారి పాత స్కూటరు ఉంది. ఆయన పోయాక దాన్నెవరూ నడపలేదు. టైర్లలో గాలి ఎప్పుడో పోయింది. వానొచ్చినప్పుడల్లా పరుగెత్తి పట్టా కప్పేది ఆమే, ఎండకు తీసి ఆరబెట్టేదీ ఆమే. తాడు ఆ స్కూటరు చక్రానికి తగులుతోందని భర్త కూర్చుని, జాగ్రత్తగా, కొలనుకు అక్కడొక వంపు తిప్పాడు.

ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. అన్నీ ఉన్నాయి. “నేనెక్కడ కూర్చోవాలండీ?” అని అడిగింది.

ఆయన తల ఎత్తి, నిజంగానే అర్థం కానట్టు చూశాడు. “కూర్చోవడమేంటి? మేత నిలబడి వెయ్యొచ్చుగా. అయినా నువ్వు కూర్చునేదెప్పుడు?”

అందులో ఎకసెక్కెం లేదు. రేపు సెలవా అన్నంత మామూలుగా అడిగాడు. అందుకే ఆమె జవాబు కోసం ఆ రోజంతా పనులు చేసుకుంటూనే వెతుక్కుంది. హాల్లో సోఫా ఆయనది, ఆఫీసు నుంచి వచ్చి టీవీ ముందు నడుం వాల్చేది అక్కడే. కిటికీ పక్క కుర్చీ అత్తగారిది, బల్లా కుర్చీ కూతురివి. చుట్టాలొస్తే తను వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడి మాట్లాడుతుంది. “మీ కోడలు ఎప్పుడు చూసినా కాళ్ళ మీదే ఉంటుందండీ, ఎంత చలాకీనో” అని వాళ్ళు మెచ్చుకుంటే, తనూ సంతోషించింది. అన్నం అందరికీ వడ్డించి, స్టవ్ పక్కన పళ్ళెం పెట్టుకుని నిలబడే తినేస్తుంది. అలసిపోతే పడుకుంటుంది. పడుకోవడం వేరు, కూర్చోవడం వేరు. ఈ ఇంట్లో చేతిలో పని లేకుండా, నిద్ర రాకుండా, ఊరికే కూర్చున్న ఒక్క సాయంత్రాన్ని గుర్తు చేసుకుందామని ఎంత ప్రయత్నించినా రాలేదు. కొలను కావాలని తను అడిగిందంటే, చేపల మీద ప్రేమ ఉన్నమాట నిజమే. కానీ చేపలుంటేనే కదా కూర్చోవడానికి ఒక వంక దొరికేది. ఆ వంకను కూడా నిలబడే చెయ్యమంటున్నారు.

మర్నాడు భర్త టిఫిన్ తింటుంటే అంది. “ఆ స్కూటరు తీసేస్తే కుర్చీ పడుతుందండీ.”

ఆయన తినడం ఆపాడు. “అది మా నాన్నది” అన్నాడు. గిన్నె మీద మూత పెట్టినట్టు మాట అక్కడితో అయిపోయింది. కాసేపటికి తనే మెత్తబడి, మరీ ఇబ్బందైతే చేపల్ని ఆ కొట్టువాడికే ఇచ్చెయ్యమని, అవి ఎక్కడైనా బతుకుతాయని చెప్పాడు. క్లినిక్‌లో ఎక్స్‌రే తీసే అమ్మాయి కూడా, వాళ్ళ ఊళ్ళో పెద్ద తొట్టి ఉందని, నీకు కుదరకపోతే నాకిచ్చెయ్ అక్కా అంది. ఆమె సరేననబోయింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అలవాటైన మాట, సులువుగా వస్తుంది. కానీ ఆ పూట మేత వేస్తుంటే ఎర్ర మచ్చది ఎప్పట్లాగే పైకొచ్చి నోరు తెరిచింది, ఆమె ఆ మాట మింగేసింది.

మేస్త్రీ సోమవారం పొద్దున్నే వస్తానన్నాడు. ఆదివారం సాయంత్రం భర్త జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళాడు. ఆమె పెరట్లోకి వెళ్ళి పట్టా తీసింది. స్కూటరును తడిగుడ్డతో ఒకటికి రెండుసార్లు తుడిచింది. అది ఆయన వాళ్ళ నాన్నది, అమ్మేసే హక్కు తనకు లేదు. ఆయన వస్తువు ఆయన దగ్గరుండటం ధర్మం. హ్యాండిలు పట్టుకుని లాగితే అంగుళం కదల్లేదు. కూతురు పుస్తకం మూసి వచ్చి, ఏమీ అడక్కుండా వెనక నుంచి తోసింది. వంటింటి గుమ్మం దగ్గర బండి ఇరుక్కుంది. అత్తగారు కుర్చీలోంచి లేచి వచ్చింది. మొగుడి బండి, ఏమంటుందోనని ఆమె ఆగింది. అత్తగారు కాసేపు దాని సీటు మీద చెయ్యి వేసి నిలబడింది. “దీన్ని అమ్మేయరా అని ఆయన బతికుండగానే మొత్తుకున్నాడు” అని, తలుపు రెండో రెక్క కూడా తీసి పట్టుకుంది.

భర్త తిరిగొచ్చేసరికి హాల్లో సోఫా గోడకు నిలువుగా ఆనించి ఉంది. సోఫా ఉండే చోట, టీవీకి ఎదురుగా, స్కూటరు నిగనిగలాడుతూ స్టాండు వేసి నిలబడి ఉంది.

“ఇదేంటి ఇక్కడ?”

“మామయ్యగారిది కదండీ. ఇన్నేళ్ళూ పెరట్లో పడేశాం. ఇకనైనా నట్టింట్లో ఉండాలి” అంది ఆమె. వేళాకోళంగా అనలేదు.

ఆయన తల్లివైపు తిరిగాడు. “నన్నడక్కురా. నేను తలుపు పట్టుకున్నానంతే” అందావిడ.

ఆయన స్కూటరు చుట్టూ తిరిగే చోటు లేక, గోడవారగా ఒత్తుకుంటూ రెండడుగులు వేసి, ఆగి, ఆమెను అడిగాడు. “మరి నేనెక్కడ కూర్చోను?”

ఎవరూ నవ్వలేదు. నువ్వు కూర్చునేదెప్పుడు అని కూడా ఎవరూ అనలేదు. ఆమె ఆ ప్రశ్నను పూర్తిగా విన్నది. అది చాలా న్యాయమైన ప్రశ్న అనిపించింది, ఇంట్లో ఉన్న మనిషి ఎవరైనా అడగదగ్గ ప్రశ్న.

“రేపు మేస్త్రీ వస్తాడుగా, అతన్నీ కూర్చోబెట్టుకుని ఆలోచిద్దాం” అని, కూతురి బల్ల దగ్గరి కుర్చీ ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళింది. స్కూటరు లేచిన చోట దాన్ని వేసి కూర్చుంది. నేల మీద వంపు తిరిగి ఉన్న తాడును కాలి వేలితో లాగి, తిన్నగా చేసుకుంది.