గోడ అవతలి పాట

అత్తగార్ల మీద కోడళ్ళకు సవాలక్ష ఫిర్యాదులుంటాయి. కృష్ణప్రియకు ఉన్నది ఒక్కటే, అదీ నలుగురిలో చెప్పుకుంటే నామోషీ. ఆమె అత్తగారు సక్కుబాయి పులుసులో ఉప్పు ఎక్కువైందని అనదు. కోడలు ఎన్నింటికి లేచిందో చూడదు. పక్క ఫ్లాటు కోడలితో పోల్చదు. పోల్చడానికి ఆవిడకు తీరికేదీ? పొద్దస్తమానం పాటలు. నాలుగు మాటలు పడి, పుట్టింటికి ఫోన్ చేసి, హాయిగా కన్నీళ్ళు పెట్టుకునే భాగ్యం తన నుదుట రాయలేదని కృష్ణప్రియ బాధ.

పోనీ ఆ వయసువాళ్ళు వినే భజనలా అంటే, అవీ కావు. ఎప్పటివో, ఎక్కడివో. నలుపు తెలుపు కాలం నాటి హిందీ పాటలు, దర్గాల దగ్గర పాడే కవ్వాలీలు, ఒకే చరణాన్ని పావుగంట సేపు తిప్పి తిప్పి పాడే ఈజిప్టు గాయని, వెళ్ళిపోయిన రైలు మీద బెంగపెట్టుకున్న ఇంగ్లీషు పాట, గిటారు పక్కన కూర్చుని ఎవరో మెల్లగా ఏడుస్తున్నట్టుండే పోర్చుగీసు పాట. హిందీ తప్ప వీటిలో ఒక్క భాషా సక్కుబాయికి రాదు. రాకపోవడం ఆవిడకు ఏనాడూ అడ్డు కాలేదు. అర్థం ఆవిడే చెప్పేది.

పొద్దు వాలే వేళకు కొండాపూర్‌లోని ఆ అపార్టుమెంటు తోటలో, మొగలిపొదల పక్క రాతి బెంచీ మీద ఆవిడ కూర్చునేది. పక్కన అరచేతిలో పట్టేంత స్పీకరు. దూరంగా కోకాపేట మేడల్లో ఒక్కొక్క దీపమే వెలిగేది, ఆకాశంలో ఎవరో మెట్లు కడుతున్నట్టు. ఆ వెలుగులో పాట నీటి మీద నూనెలా పరుచుకునేది. వాకింగుకు వచ్చినవాళ్ళు నడక మరిచిపోయేవారు. కింది అంతస్తు శారదమ్మ, కడప నుంచి కొడుకు దగ్గరికి వచ్చినావిడ, రోజూ అందరికంటే ముందు హాజరు.

"ఏం చెప్తాంది వదినా ఈ యమ్మ?" అని అడిగేది శారదమ్మ.

"మొగడు పొద్దుగాల పాలకు పోయిండు. ఇంక రాలే. పొయ్యి మీద ఎసరు మరుగుతుంది. గదీ ఈమె పరేషాన్."

"అయ్యో పాపం! వచ్చినాడా మల్ల?"

"ఇంకో చరణం ఉంది, ఆగు."

ఆ పాటకు అసలు అర్థమేమిటో కృష్ణప్రియ ఒకసారి ఫోన్‌లో చూసింది. అది ఒక రేవు పట్టణం మీద కాసే వెన్నెల గురించి. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. వెన్నెలకంటే ఆ పాలకు వెళ్ళిన మొగుడే బాగున్నాడనిపించింది.

ఇందులో ఎవరికేం నష్టం అని చదివేవారు అడగవచ్చు. అలాగే కృష్ణప్రియా అనుకుంది. కానీ ఒక కవ్వాలీ సాగుతున్న సాయంత్రం అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఎవరో రాశారు: "మన తోటలో ఈ పరాయి పాటలేమిటి? మన సంస్కృతి ఏమైపోవాలి?" కింద బొటనవేళ్ళు వరసగా లేచాయి. రాసినాయన పిల్లలు మాత్రం కొరియా పాటలకు గంతులేస్తుంటారు. అది ఇంట్లో కాబట్టి సంస్కృతికి కనబడలేదు కాబోలు.

అపార్టుమెంటు సంఘానికి సాంస్కృతిక కార్యదర్శి మరెవరో కాదు, సక్కుబాయి కొడుకు మధుకర్. ఆఫీసులో ఏ తగువు వచ్చినా వోటు పెట్టి తేల్చడం అతనికి అలవాటు. ఇక్కడా అదే చేశాడు. 'తోటలో మన పాటలే వినిపించాలా? అవును, కాదు.' గ్రూపులో తెలుగువాళ్ళున్నారు, తమిళులున్నారు, పంజాబువాళ్ళున్నారు. 'మన' అంటే ఎవరిదని ఏ ఒక్కరూ అడగలేదు. ఎవరికి వారు తమదే అనుకుని అవునన్నారు. ఆ విధంగా రూలు పాసైంది.

మధుకర్ చెడ్డవాడు కాడు. తల్లి నొచ్చుకుంటుందని ఖరీదైన ఇయర్‌ఫోన్లు తెచ్చి తనే ఆమె చెవుల్లో పెట్టాడు.

"ఇగ చూడమ్మా, నీ పాట నీదే. ఎవ్వరికీ ఫికర్ లేదు."

సక్కుబాయి కాసేపు విని తీసేసింది. "ఒక్కదానికే వినబడితే పాటెట్లయితదిరా? అది పంటినొప్పి."

ఆ సాయంత్రం నుంచి బెంచీ ఖాళీ అయింది. శారదమ్మ ఒకటి రెండుసార్లు వచ్చి, బెంచీ చుట్టూ తిరిగి, మోకాళ్ళ నొప్పి పేరు చెప్పి వెళ్ళిపోయింది. సక్కుబాయి బాల్కనీలో కూర్చుని దీపాల వంక చూసేది. కోపం లేదు, సాధింపు లేదు. పాట లేని ఇల్లు పెద్దదైపోయినట్టనిపించింది కృష్ణప్రియకు, మాట్లాడితే ప్రతిధ్వనించేంత పెద్దది.

ఒకరోజు చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆవిడ అంది: "ఈ అపార్టుమెంటు వార్షికోత్సవం అయినంక నేను బోరబండ పోత బిడ్డా. మన పాతింటి పైన అర్ర ఖాళీగనే ఉంది గద."

"ఇక్కడేం తక్కువైంది అత్తమ్మా?"

"తక్కువేం లేదు. గోడలే దొడ్డుగున్నయి. ఆడ గోడలు పలుచగుంటయి. పక్కింట్ల పాట పెడితే మనింట్ల వినొస్తది."

నిన్నటిదాకా అత్తగారి మీద ఫిర్యాదు వెతుక్కున్న కోడలు, ఒలిచిన చిక్కుడుకాయలనే మళ్ళీ ఒలవడం మొదలుపెట్టింది. ఆ రాత్రి చెబితే మధుకర్, అమ్మ మనసు మార్చుకుంటుందిలే అని కొట్టిపారేశాడు.

ఇంతలో వార్షికోత్సవం వచ్చిపడింది. దానికి మధుకర్ పెట్టిన పేరు 'మన పాటల సాయంత్రం'. అచ్చమైన, కల్తీలేని పాట ఒకటి తనే పాడతానని వంటింటి గడప మీద నిలబడి ప్రకటించాడు.

"అమ్మా, చిన్నప్పుడు నాకు పాడేదానివి గద, సన్నజాజి జోలపాట? అది మన తాతముత్తాతల నాటిది. రెండో చరణం జర యాదికి తెచ్చుకో."

సక్కుబాయి చెప్పింది. అతను మురిసిపోతూ వెళ్ళాక పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కృష్ణప్రియ గరిటె దించింది.

"ఏంది అత్తమ్మా?"

"తాతముత్తాతలు లేరు, ఏం లేరు. మాటలు నేను కట్టిన. రాగం బోరబండల మన పక్కింటి మెహరున్నీసా టేపుల నుంచి వచ్చింది. వాళ్ళాయన గల్ఫుల ఉండి అరబ్బీ పాటల క్యాసెట్లు పంపేటోడు. నీ మొగడు పుట్టినప్పుడు ఒకటే ఏడ్పు. ఎత్తుకున్నా ఆగడు, పాలిచ్చినా ఆగడు. గోడ అవతల గా పాట పెడితే మాత్రం గప్‌చుప్. మెహరున్నీసా గా సంగతి చూసి, వాడు పడుకునే వేళకు రోజూ టేపు గోడకానిచ్చి పెట్టేది. ఆమె ఊరికి పోయిన నాడు టేపు లేకపాయె, ఇగ నేనే పాడిన."

కృష్ణప్రియ ఫోన్ తెచ్చి అత్తగారి చేత రాగం తీయించింది. ఫోను కాసేపు ఆలోచించి, ఎక్కడో సముద్రాల అవతల దుమ్ముపట్టిన ఒక రికార్డును పట్టుకొచ్చింది. తీగవాద్యాలు మేల్కొన్నాయి. ఎప్పుడో గతించిన ఒక స్త్రీ గొంతు పొయ్యి మీది ఆవిరిలోంచి తేలి వచ్చింది. సక్కుబాయి కళ్ళు మూసుకుని, వంటగట్టు గోడ మీద అరచెయ్యి ఆనించి నిలబడిపోయింది. అవతలి నుంచి ఎవరో అదే చోట చెయ్యి ఆనించినట్టు.

పాట అయ్యాక కృష్ణప్రియ మెల్లగా అంది: "ఈ సంగతి ఆయనకు చెప్పొద్దా?"

"ఎందుకు? ముచ్చటపడుతుండు, పాడనియ్."

చెప్పవద్దన్నారు గనుక కృష్ణప్రియ చెప్పలేదు. వినిపించవద్దని మాత్రం ఎవరూ అనలేదు.

వార్షికోత్సవం సాయంత్రం తోటలో కుర్చీలు వేశారు. స్పీకర్లకు పాటలు అందించే పని కృష్ణప్రియ అడిగి మరీ తీసుకుంది. మధుకర్ మైకు ముందు నిలబడి కళ్ళు మూసుకున్నాడు.

"సన్నజాజి పందిరి కింద సందెపొద్దు జారె,
కన్నతండ్రి కంటి మీద కునుకు వచ్చి చేరె..."

అతని గొంతు గొప్పదేమీ కాదు. కానీ ఆ రాగానికి గొంతుతో పనిలేదు. గాలి కూడా తోటలో కాళ్ళ వేళ్ళ మీద నడిచింది. పాట అయ్యేసరికి తల్లుల ఒళ్ళో పిల్లలు జోగుతున్నారు. అధ్యక్షుడు రామ్మోహనరావు చప్పట్లు కొడుతూ లేచాడు.

"ఆహా! మన మట్టి వాసనంటే ఇదండీ! వన్స్ మోర్, మధుకర్ గారూ, వన్స్ మోర్!"

"ఈసారి వాద్యాలతో," అంది కృష్ణప్రియ వినయంగా, ఫోన్ మీద వేలు పెట్టి.

తీగలు మోగాయి. మధుకర్ సంతోషంగా అందుకున్నాడు. రెండో పాదం దగ్గర ఆ స్త్రీ గొంతు వచ్చి అతని గొంతు పక్కన నిలిచింది. భాష వేరు, రాగం అదే. అతని మాట ఆగిపోయింది, పెదాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి. తడిసిన సున్నపు గోడ చల్లదనం, పక్కింటి చాయ్ వాసన, కప్పు మీద వాన, రెప్పల మీద ఎవరిదో చెయ్యి. తనకు గుర్తుందని కూడా తెలియని బోరబండ ఇల్లు ఆ తోటలో లేచి నిలబడింది. పాట ముగిసింది.

"అమ్మా, ఇది ఎక్కడిది?" అన్నాడు చివరికి, చిన్న పిల్లవాడిలా.

సక్కుబాయి ముందు వరసలోంచి లేచింది. మెహరున్నీసా గురించి, టేపు గురించి, అతని ఏడుపు గురించి రెండు ముక్కల్లో చెప్పింది. తర్వాత అందరి వైపూ తిరిగింది.

"గా పాడినామె ఎవరో నాకెర్కలేదు. ఏ దేశమో, ఏ దేవునికి మొక్కుతదో తెల్వదు. నా పిలగాడు పండుకున్నడు, నాకంతే ఎరుక. ఇంటికొచ్చిన సుట్టానికి నీ భాషేంది, నీ కులమేందని అడిగినంక మంచినీళ్ళిస్తమా? పాట గూడ సుట్టమే. వచ్చిన సుట్టాన్ని గడప బయట నిలబెడితే సుట్టానికేం నష్టం లేదు, ఇంకో ఇంటికి పోతది. మనిల్లే సిన్నబోతది."

రామ్మోహనరావు కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. శారదమ్మ నోరు కట్టుకోలేక గట్టిగానే అంది: "నిజమే కదప్పా! మేమంతా ఆ కొరియా పాటలకే అలవాటుపడితిమి, కవ్వాలీ ఏం పాపం చేసింది?"

ఎవరో నవ్వారు. మధుకర్ నవ్వలేదు. తల్లి వైపు నడుస్తూ, మైకు ఆపడం మరిచిపోయి అన్నాడు. అందుకే ఆ మాట ఆరు బ్లాకులకూ వినిపించింది.

"నువ్వు బోరబండ పోవద్దు. తప్పు నాదేనమ్మా. పాట ఎక్కడ పుట్టిందని అందరినీ అడిగిన గాని, అది నన్ను ఎన్ని రాత్రులు పండబెట్టిందో ఒక్కసారి కూడ నిన్ను అడగలే."