చెట్టుకు చెప్పిన మాటలు

వెంకటలక్ష్మమ్మ తమ్ముడితో మాట్లాడక మూడేండ్లయింది. మాట్లాడక అంటే, ఒకచోట కలిసినప్పుడు చెప్పాల్సినవన్నీ చెప్పేది, కాకపోతే వాడికి కాదు. మధ్యలో ఇంకో మనిషి ఉండాల. "జ్యోతీ, మీ ఆయన్ని కాసింత పక్కకు జరగమను" అని మరదలితో అనేది. తమ్ముడు శ్రీరాములు అక్కడే కూర్చుని ఆ మాట విని జరిగేవాడు. జరిగి, "జరిగినానని చెప్పు" అనేవాడు పెండ్లాంతో. వీళ్లిద్దరి మధ్య మెడ అటూ ఇటూ తిప్పీ తిప్పీ నాగజ్యోతికి నొప్పి పుట్టింది పాపం.

ఇంత పంతం దేనికంటే, ఒక బొబ్బట్టుకు. నవ్వొద్దు, నిజమే చెప్తున్నా. కూతురి నిశ్చితార్థానికి వెంకటలక్ష్మమ్మ నూటయాభై బొబ్బట్లు ఒంటిచేత్తో చేసింది. రాచర్లలో వాళ్ల ఇంటిముందర షామియానా కింద వియ్యాలవాళ్లు భోజనాలకు కూర్చున్నారు. శ్రీరాములుకు మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ ఉంది. వాడు బొబ్బట్టు చేతిలో పట్టుకుని నలుగురూ వినేటట్టు, "బావా, మా పలకన్నా కిందపడితే విరుగుద్ది గానీ, మా అక్క బొబ్బట్టు మాత్రం విరగదు" అన్నాడు. పంక్తి పంక్తంతా నవ్వింది. వియ్యపురాలైతే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. వెంకటలక్ష్మమ్మ నెయ్యిగిన్నె పట్టుకుని ఉన్నచోటనే నిలబడిపోయింది. ఆ దినం మూసిన నోరు మళ్లీ తమ్ముడి దిక్కు తెరవలేదు. 'తప్పయిందక్కా' అని వాడు ఒక్క మాట అనుంటే అక్కడికి సరిపోయేది. వాడేమో, తమాషాకు అన్నదానికి తప్పేంది అని ఎవరితోనో అన్నాడని ఈమె చెవిన పడింది. ఇంక అట్ల బిగుసుకుపోయింది వ్యవహారం.

ఇప్పుడు శ్రీరాములు మార్కాపురంలో కొత్తిల్లు కట్టినాడు. వచ్చే శుక్రవారం గృహప్రవేశం. పాలు పొంగించాల్సింది ఇంటి ఆడపడుచు. ఆ ఇంటికి ఆడపడుచు ఒక్కతే. నాగజ్యోతి వచ్చి బొట్టుపెట్టి పిలిచిపోయింది. "చూద్దాంలే" అన్నది వెంకటలక్ష్మమ్మ. ఆమె చూద్దాం అంటే రానని అర్థమని బంధువులందరికీ తెలుసు. ఆమెకు లోపల ఇంకోటి కూడా తెలుసు. అమ్మా నాయనా పోయినాక పుట్టిల్లంటే ఇంక వాడే. ఈసారి ఆ గడప తొక్కకపోతే ఇంకెప్పుడూ తొక్కే పని ఉండదు. అది తలుచుకుంటే అన్నం సహించేది కాదు. అయితే మాత్రం, వాడు వచ్చి అడగాల గదా? పెండ్లాన్ని పంపిస్తే అయిపోతుందా?

తొలి పత్రిక కొండమీద ఈతచెలమ నరసింహస్వామి పాదాల దగ్గర పెట్టాల, అదీ ఆడపడుచు చేత్తోనే. నాయన కాలంనుంచీ అట్లనే జరుగుతుంది. "స్వామి కోసం వస్తా, ఇంకెవరి కోసమూ కాదని చెప్పు" అని ఫోన్లో జ్యోతికి చెప్పి, నైవేద్యానికి క్యారియర్ నిండా బొబ్బట్లు చేసుకుని బయలుదేరింది. అవును, బొబ్బట్లే. కావాలనే చేసింది.

శనివారం పొద్దున గిద్దలూరు దాటినాక అడవి గేటు దగ్గర ముగ్గురూ ఆటో దిగినారు. సాయంత్రం ఐదు లోపల బయటికి రావాలని చెప్పి గార్డు పేర్లు రాసుకున్నాడు. కొండ మొదట్లోనే నాగజ్యోతి ఒక బండ చూసుకుని కూలబడింది.

"వదినా, నా మోకాలు పట్టేసింది. మీరిద్దరూ పోయిరాండి."

వెంకటలక్ష్మమ్మ క్యారియర్ చెయ్యి మార్చుకుంది. "మేమిద్దరమా?"

"మరి నన్ను ఎత్తుకుపోతారా?" అని నాగజ్యోతి సంచిలోంచి వేయించిన శనక్కాయలు తీసి ఒడిలో పోసుకుంది.

చేసేదేముంది, నడిచినారు. ముందర వాడు, పది అడుగులు వెనక ఈమె. అరగంట ఎక్కినాక దారి రెండుగా చీలింది. ఎడమది చెట్లలోకి కిందికి దిగుతున్నట్టుంది. కుడిది వెడల్పుగా, బాగా నడిచినట్టుగా పైకి పోతుంది. శ్రీరాములు ఆగినాడు. తల గోక్కున్నాడు. ఓరకంట అక్క దిక్కు చూసినాడు.

వెంకటలక్ష్మమ్మకు దారి తెలుసు. చిన్నప్పుడు నాయన వెంట మూడుసార్లు వచ్చింది. వీడు అప్పుడు నాయన భుజాల మీద నిద్రపోయేవాడు. ఎడమకు దిగి వంక దాటాల. తెలుసు గానీ చెప్పేదెట్ల? మధ్యలో మనిషి లేదాయె. అడిగితే చెప్తాలే అనుకుంది. చెప్తే పోతాలే అని వాడూ అనుకున్నాడేమో మరి. రెండు నిమిషాలు ఇద్దరూ చెరొక చెట్టును చూస్తా నిలబడినారు. చివరికి వాడు కుడికి తిరిగినాడు. పోనీ, కాళ్లు నొప్పిపుడితే తెలిసొస్తుంది అనుకుని ఈమె వెనకాలే పోయింది.

తెలిసొచ్చింది, ఇద్దరికీ. ఆ దారి మనుషులు నడిచింది కాదు, మేతకు పోయే గొడ్లు తొక్కింది. గంట నడిచినాక నడుమెత్తు బోదగడ్డిలోకి పోయి మాయమైంది. వెనక్కి తిరిగితే ఒక్క దారి నాలుగు దార్లయి కనపడింది. వెదురుపొదల్లోంచి దూరినారు, వంకలోకి దిగినారు, మళ్లీ ఎక్కినారు. ఫోన్లో సిగ్నల్ గీత ఒక్కటి లేదు. ఎటు చూసినా ఒకటే తీరు చెట్లు, ఒకటే తీరు రాళ్లు. ఒంటిగంటయ్యేసరికి వెంకటలక్ష్మమ్మ ఒక తునికిచెట్టు కింద కూలబడి, ఆ చెట్టు దిక్కు తిరిగింది.

"ఏమమ్మా తునికిచెట్టూ, దారి తప్పినామని కొందరికి ఇప్పటికన్నా అర్థమయిందా?"

శ్రీరాములు బిత్తరపోయి చూసినాడు. ఆ తర్వాత వాడూ చెట్టు దిక్కే తిరిగినాడు. "చెట్టమ్మా, అర్థమై గంటయిందని చెప్పు. కొందరు భయపడతారని నోరు మూసుకున్నా, అంతే."

"భయమా? ఎవరికి? ఎలుగ్గొడ్డు వచ్చినా ముందర బాగా కండపట్టినోళ్లనే చూసుకుంటుంది."

"ఎలుగ్గొడ్డుకు తీపి ఇష్టమంట. బొబ్బట్లు మోసేవాళ్లనే ముందర పలకరిస్తుందని చెప్పు."

వెంకటలక్ష్మమ్మకు నవ్వు తన్నుకొచ్చింది. దగ్గు వచ్చినట్టు కొంగు అడ్డం పెట్టుకుంది. అంతలో వాడి కడుపు గుర్రుమంది. చిన్నప్పట్నుంచీ అంతే వాడు, ఆకలికి ఆగలేడు. బడి నుంచి వస్తానే గంజిచెంబు దగ్గర కూర్చునేవాడు. ఆమె స్వామి కోసం పై గిన్నె పక్కన పెట్టి, కింది గిన్నె తీసి చెట్టు మొదట్లో పెట్టింది.

"ఆకలైనోళ్లు తినొచ్చు. పండ్లు విరిగితే మాత్రం నన్ను అడగొద్దు."

వాడు ఒకటి తిన్నాడు. రెండోది తిన్నాడు. నాలుగోది చేతిలో ఉండగా, తల వంచుకుని, "మెత్తగా ఉండాయని చెప్పు" అన్నాడు చెట్టుతో.

"చెట్టుకు చెవుడు" అన్నది వెంకటలక్ష్మమ్మ.

వాడు ఆ నాలుగోది కూడా తినేసినాడు. నీళ్లు తాగి లేచి, "ఆ బండ ఎక్కి దారేమన్నా కనపడుద్దేమో చూసొస్తానని చెప్పు" అని పోయినాడు.

పది నిమిషాలయింది. ఇరవై అయింది. అడవి ఒక్కసారిగా పెద్దదైపోయినట్టు అనిపించింది ఆమెకు. "ఓయ్!" అని కేకేసింది. జవాబు లేదు. "ఎవరయ్యా, వినపడుతుందా?" అన్నది. ఊహూ. పొదల్లో ఏదో కట్టె ఫటుక్కుమంది. బండ అవతల లోయేమో, కాలు జారినాడేమో. ఆరేండ్ల పిల్లగా ఉన్నప్పుడు ఆర్నెల్ల వాడిని చంకనేసుకుని ఊరంతా తిరిగింది తను. వాడి బరువుకు నడుం ఒక పక్కకు వంగిపోయేది. చంకలో ఆ బరువు మళ్లీ తెలిసినట్టయింది. ఇంక పంతం లేదు, ఏమీ లేదు.

"ఒరేయ్ చిన్నోడా!"

కొండంతా ఆ కేక తిరిగొచ్చింది. పలుకు లేదు. వెంకటలక్ష్మమ్మ లేచి కొంగు దోపుకుంది.

"శ్రీరామా! నా తండ్రీ, యాడున్నావురా! పలకరా!"

"ఈడ్నే ఉన్నానక్కా."

దూరం కూడా కాదు. ఆ బండ వెనకనే కూర్చున్నాడు. పరిగెత్తుకుంటూ పోయి చూసింది. కాలు విరగలేదు, ఏమీ కాలేదు. మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని కూర్చున్నాడంతే.

"మరి మొదట పిలిస్తే పలకలేదేందిరా?"

"ఇనపడింది" అన్నాడు వాడు. "నువ్వు నన్ను పిలిచి మూడేండ్లయిందక్కా. ఇంకోసారి పిలుస్తావేమోనని ఊరికే ఉన్నా."

అప్పుడు మొదలయినాయి చూడండి తిట్లు! నీ దుంపతెగ, నా గుండె ఆగిపోయింటే ఏం చేసేవాడివిరా? నీకేమన్నా అయ్యుంటే జ్యోతికి నా మొహం ఎట్ల చూపించేదాన్ని? యాభై ఏండ్లొచ్చినాయి, బుద్ధి యాడ పోయింది? అట్ల మొదలుపెట్టి, ఆమె మూడో తరగతిలో ఉన్నప్పుడు వాడు ఆమె పలక బావిలో పారేసినదాకా వెనక్కి పోయి, నిశ్చితార్థం పంక్తి దగ్గరికి వచ్చేసరికి గొంతు బొంగురుపోయింది. మూడేండ్ల బాకీ అంతా ఒక్కసారే తీర్చింది. శ్రీరాములు లేచి ఆ తిట్లన్నీ తిన్నాడు. ఎండలన్నీ అయినాక తొలి వానలో నిలబడినట్టు నిలబడినాడు. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు మాత్రం నోరు తెరిచినాడు.

"తప్పయిందక్కా. ఆ దినం అందర్నీ నవ్వించాలని అన్నా. నువ్వు నెయ్యిగిన్నె పట్టుకుని నిలబడిపోయింది చూసినా. చూసి కూడా నవ్వినా. అదే తప్పు."

వెంకటలక్ష్మమ్మ కండ్లు తుడుచుకుంది. "నేనూ ఒకటి చెప్పాల. ఎడమ దారేనని నాకు తెలుసు" అన్నది.

"తెలుసా? మరి చెప్పలేదేం?"

"నువ్వు అడిగినావా?"

వాడు నోరు తెరుచుకుని ఆమెను చూసినాడు. ముందర వాడు నవ్వినాడు, తర్వాత ఆమె. ఇద్దరూ ఆ బండకు ఆనుకుని కండ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వినారు.

అంతలో టంగు టంగుమని గంట మోగింది. సరిగ్గా వాళ్ల కాళ్ల కిందనుంచే వచ్చినట్టుంది. "ఎవరమ్మా అది పైన? గంట చప్పుడు పట్టుకుని దిగండి!" అని ఒక మగగొంతు. పొద్దుననుంచీ తిరిగీ తిరిగీ గుడి నెత్తిమీదికే చేరినారన్నమాట. వెదుర్లు పట్టుకుని జారుకుంటా పావుగంటలో కిందికి దిగినారు. పూజారి రంగనాయకులు గంటతాడు ఇంకా చేతిలో పట్టుకునే ఉన్నాడు.

"తిట్లు వినపడినాయి తల్లీ. ఆ శ్రీరాములెవరో గానీ ఇయ్యాల వాడి పని అయిపోయిందనుకున్నా" అన్నాడు.

"నేనే స్వామీ" అన్నాడు శ్రీరాములు, పతకం వచ్చినోడి మాదిరిగా.

వెంకటలక్ష్మమ్మ తొలి పత్రికకు పసుపు పెట్టి స్వామి పాదాల దగ్గర ఉంచింది. నైవేద్యమయినాక పూజారి ఒక బొబ్బట్టు తిని, "వెన్న మాదిరి ఉందమ్మా" అన్నాడు. ఆమె తమ్ముడి దిక్కు చూసింది. "నేనేమీ అనలా" అన్నాడు వాడు వెంటనే.

వచ్చేటప్పుడు వంక దాటి సరైన దారినే దిగినారు. ముందర ఈమె, వెనక వాడు. నాలుగున్నరకు కొండ మొదట్లోకి వచ్చేసరికి నాగజ్యోతి ఎదురుగా పరిగెత్తుకుంటా వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైపోయినారు వదినా, గార్డును పిలవబోతున్నా!"

"ఏమీ కాలేదులే. నీ మోకాలు బాగానే పరిగెత్తుతుందే?"

"తగ్గింది వదినా" అన్నది నాగజ్యోతి నేల చూపులు చూస్తా.

ఐదుకు ముందే గేటు దాటి ఆటో ఎక్కినారు. నాగజ్యోతి అలవాటుకొద్దీ మధ్యలో కూర్చుని, మెడ సిద్ధం చేసుకుంది. వెంకటలక్ష్మమ్మ ఆమె మీదుగా వంగి తమ్ముడి చెయ్యి తట్టింది.

"ఒరేయ్, శుక్రవారం ముహూర్తం ఎన్నింటికి?"

"పొద్దున ఐదూ పదికి అక్కా."

"అట్లయితే గురువారమే వచ్చేస్తా. బర్రెపాలు తెప్పియ్. ప్యాకెట్ పాలు తెచ్చినావంటే వచ్చిన దారినే పోతా. గిన్నె నువ్వు కొనొద్దు. అమ్మ పాలగిన్నె నా దగ్గరే ఉంది. పోయిన వారమే చింతపండుతో తోమి పెట్టినా."

శ్రీరాములు ఏదో అనబోయి ఆగినాడు. మొహం అటు తిప్పుకుని, పోతున్న చేలను చూసినాడు. ఆ తర్వాత పెండ్లాం భుజం మెల్లగా తట్టినాడు.

"జ్యోతీ, సరేనని చెప్పు అక్కకు."

నాగజ్యోతి ఇటు తిరిగింది. "సరేనంట వదినా."