తొందరపడ్డ పల్లవి

డిసెంబరు వచ్చిందంటే ఇంగ్లండులో వాల్సాల్ ఊళ్లోని ఒక సూపర్‌మార్కెట్‌లో ఓ పాత క్రిస్మస్ పాట రోజుకు పదకొండుసార్లు మోగుతుంది. కౌంటర్‌లో కూర్చున్న మారీన్ పిల్చర్ ప్రతిసారీ పల్లవి దగ్గర పళ్లు బిగిస్తుంది.

1974 జులైలో, ఎండ మండిపోతుండగా, ఆ పాట రికార్డు చేసినప్పుడు పల్లవి పాడడానికి స్టూడియోకు తీసుకెళ్లిన ముప్ఫైమంది బడిపిల్లల్లో మారీన్ ఒకతె. అప్పుడామెకు తొమ్మిదేళ్లు. గాయకుడి కనురెప్పల మీది వెండి తళుకులు చెమటకు తడిసి బుగ్గల మీదికి జారుతుంటే, అదే చూస్తూ, డ్రమ్ము దెబ్బ పడకముందే గొంతెత్తేసింది. మిగతా ఇరవైతొమ్మిది గొంతులూ ఆమె వెంటే అందుకున్నాయి. బడి బస్సుకు వేళైపోయిందని మళ్లీ పాడించలేదు.

ఆ పొరపాటునే యాభై ఏళ్లుగా దేశమంతా పాడుతోంది.

ఈసారి మారీన్‌కు ఒళ్లు మండింది. డ్రమ్ము దెబ్బ పడేదాకా ఆగి, సరైన చోట పైకే అందుకుంది. బిల్లు వరుసలో నిలబడ్డవాళ్లంతా రికార్డుతో పాటు అప్పటికే పల్లవి ఎత్తుకున్నారు.

పక్క కౌంటర్‌లో షనీస్ పడీపడీ నవ్వింది. "ఏంటి మారీన్, ఈ పాట కూడా రాదా నీకు? లేటయిపోయావ్!"

"నేను పాడిందే కరెక్టు. రికార్డులో ముందు ఎత్తుకుంది నేనేనే!"

"ఆహా, డ్రమ్ము కూడా నువ్వే కొట్టావా?"

వరుసలో క్రిస్మస్ మిఠాయి మిన్స్ పైల డబ్బా పట్టుకున్న పెద్దాయన జాలిపడ్డాడు. "పర్లేదులేమ్మా. పల్లవి మళ్లీ వస్తుందిగా, ఈసారి మాతో కలుపు."

పల్లవి మళ్లీ వచ్చింది. మారీన్ పాత తప్పే పాడింది. పెద్దాయన చప్పట్లు కొట్టాడు.