పెద్దదాన్ని అడగని మాట

ఇంట్లో ఆమె పెద్దది, చెల్లెలు చిన్నది. వరస చెప్పే ఆ పిలుపులో పాపం ఎవరి తప్పూ లేదు. కానీ ఒళ్ళు వచ్చాక, "ఇది మా పెద్దది" అని తల్లి ఎవరితోనైనా అంటే చాలు, వినేవాళ్ళ చూపు ఆమె తలనుంచి కాళ్ళదాకా ఓసారి తిరిగొచ్చేది.

ఇరవై మూడేళ్ళ పెద్దది బైండింగ్ షాపులో పుస్తకాలు కుడుతుంది. ఆమె కుట్టిన పుస్తకం చిరగాలే గాని ఊడదు. మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పితే మాత్రం "ఇంట్లో తినేసొచ్చా" అంటుంది. పొద్దున ఇంట్లో "షాపులో తింటా" అని చెప్పే వస్తుంది. లావుపాటి మనిషి నలుగురిలో ముద్ద ఎత్తితే లోకమంతా వైద్యులైపోతారు మరి.

నాలుగింటికి కడుపు ఊరుకోదు. కాగితాల గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, అట్టల కట్టల వెనక నిలబడి బిస్కెట్లు తింటుంది. ఒక పాకెట్‌తో మొదలుపెడితే నాలుగో పాకెట్ దాకా చెయ్యి ఆగదు. రుచి కూడా తెలియదు. తర్వాత సిగ్గుతో ఏడుపొస్తుంది. ఈ సంగతి బయటపడితే ఇక తలెత్తుకోలేనని ఆమె భయం.

ఆ రోజు బయటపడింది. ఇంటి తాళంచెవి ఇవ్వడానికి వచ్చిన తల్లి గది తలుపు తోసింది.

పెద్దదాని నోటినిండా బిస్కెట్టు. మింగలేదు, కక్కలేదు. తల్లి ఖాళీ పాకెట్ల వంక చూసింది.

"తిట్టు," అంది పెద్దది ఎలాగో మింగి. "చిన్నది గడపలో అడుగుపెడితే చాలు, తిన్నావా అంటావు. నన్నడిగి ఎన్నేళ్ళయింది?"

"ఏడేళ్ళు," అంది తల్లి వెంటనే.

పెద్దది బిత్తరపోయింది.

"ఆరోజు అడిగితే, నన్ను చూస్తే తెలియట్లేదా అని కంచం తోసేశావు కదే. దెప్పుతున్నాననుకున్నావని నోరు కట్టేసుకున్నా. రోజూ నాలిక చివరిదాకా వస్తుంది, మింగేస్తుంటా."

ఏడేళ్ళుగా ఒకే ఇంట్లో ఇద్దరూ దాచుకుని మింగుతూనే ఉన్నారన్నమాట.

తల్లి అట్టల కట్ట మీద కూలబడింది. కూతురి చెంప తుడవబోయి, ఏమనుకుంటుందోనని చెయ్యి సగంలో ఆపింది. తన కూతుర్ని ముట్టుకోవడానికి జంకుతున్న అమ్మని చూసి పెద్దదాని గుండె చెరువైంది. ఆ చేతిని తనే పట్టుకుంది.

"మొదలుపెడితే ఆపుకోలేకపోతున్నానమ్మా. డాక్టరు దగ్గరికి నువ్వూ రా. ఒక్కదాన్నే చెప్పలేను."

"వస్తాను. ఏమని చెబుదాం?"

"పొద్దంతా పస్తుంటున్నానని."

ఈ ఒంటితో ఆ మాట అంటే ఎవరైనా నవ్వుతారనే ఇన్నాళ్ళూ అనలేదు. తల్లి నవ్వలేదు.