ఓజెల్లా బొమ్మ ఉన్న పేజీ

వెర్లీన్‌కి తల్లి పోయిన దుఃఖం ఒక ఎత్తు, ఆ తల్లి ఫొటో వేయించలేకపోవడం ఇంకో ఎత్తు.

శనివారం చర్చిలో అంత్యక్రియలు. వచ్చినవాళ్ళ చేతిలో పెట్టే చిన్న పుస్తకం అట్ట మీద పోయిన మనిషి మొహం ఉండాలి. షికాగోలో నల్లవాళ్ళుండే సౌత్‌సైడ్‌లో అది లేకుండా ఎవరినీ సాగనంపరు. తల్లి ఓజెల్లాకి మంచి ఫొటో ఒక్కటే. పడుచు వయసులో, సొంత బ్యూటీ పార్లర్ తెరిచిన రోజు, తాళంచెవి పైకెత్తి నవ్వుతోంది. తీసింది ‘ఫ్రంట్ పోర్చ్’ పత్రికవాళ్ళు. ఇంట్లో ఉన్న సంచిక నేలమాళిగలోకి వచ్చిన వాననీళ్ళకి ముద్దయిపోయింది.

ప్రెస్సు డెల్బర్ట్ తల అడ్డంగా ఊపాడు.

"ఇంకొకరి దగ్గర తెచ్చినా నేను వెయ్యలేనమ్మా. పత్రిక అమ్మేశారు కదా, పాత ఫొటోలన్నీ కొన్న కంపెనీవే. పోయినేడు ఇలాగే వేస్తే లాయరు నోటీసొచ్చింది."

"మా అమ్మ మొహం మా అమ్మది కాదా?"

"నన్నడిగితే ఏం చెప్పను? వాళ్ళనడుగు."

అడిగింది. ఫోన్లో ఒకమ్మాయి చాలా మర్యాదగా, అనుమతికి నెల పడుతుందని చెప్పింది.

"మా అమ్మ అంతవరకూ ఆగదండీ," అని పెట్టేసింది వెర్లీన్.

సాయంత్రం ఓజెల్లా తమ్ముడు ఏమోస్ వచ్చాడు. చావింట్లో కూడా నోరు ఊరుకోని మనిషి.

"ఏమే, మొహం అలా మాడ్చావు? కోడి వేపుడు చూసి నేర్చుకున్నావా?"

"వేళాకోళానికి ఇదా సమయం, మామయ్యా?"

సంగతి విన్నాక ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆ రోజుల్లో మనోళ్ళ బొమ్మ పేపర్లో పడాలంటే పోలీసులు పట్టుకోవాలే. నవ్వుతుంటే వేసింది ఆ పత్రికే. అక్క బొమ్మ పడ్డ నెల మా నాన్న బస్సంతా తిరిగి చూపించాడు, డ్రైవరుతో సహా. ఆ పత్రిక పెట్టినాయన మనోడే. అది మనదనుకున్నాం."

"అమ్మేటప్పుడు మనల్ని అడిగారా?"

ఆయన టోపీ మళ్ళీ తలకెక్కించాడు. "అట్ట మీద చోటు ఖాళీగా వదిలెయ్యమను డెల్బర్టుగాణ్ణి," అన్నాడు.

"మళ్ళీ ఏం తుంటరి పని పెట్టావు?"

"చెప్పింది చెయ్యి. ఆ ఫోనిలా ఇవ్వు."

శనివారం అట్ట మీద పేరు కింద తెల్లటి చదరం చూసేసరికి వెర్లీన్ ప్రాణం ఉసూరుమంది. తలవంచుకుని ముందు వరసలో కూర్చుంది.

చర్చి నిండింది. లోపల ఉక్క. పాస్టరు ప్రార్థన మొదలెట్టాడు. వెనక రెపరెపల చప్పుడు విని ఆమె తిరిగి చూసింది.

ముసలమ్మల చేతుల్లో ‘ఫ్రంట్ పోర్చ్’. మంచాల కింద నుంచి, బైబిళ్ళ పక్క నుంచి తీసినవి. ఒకదాని మీద కాఫీ మరక, ఒకదానికి మూల లేదు. మంగలి షాపు గోడ మీద నుంచి ఊడబెరికిన పేజీకి మేకు చిల్లులింకా ఉన్నాయి. అలవాటుగా వాటితోనే విసురుకుంటున్నారు. వరసవరసలోనూ అమ్మ, తాళంచెవి ఎత్తి, అటూ ఇటూ ఊగుతోంది.

ఏమోస్ మామయ్య ఒక్క జోకు కూడా వెయ్యకుండా కళ్ళు తుడుచుకున్నాడు.

బయటికొచ్చాక వెర్లీన్ పక్కవీధి హాటీ పిన్ని చెయ్యి పట్టుకుంది. "పిన్నీ, ఈ పత్రిక నాకివ్వవా?"

హాటీ పిన్ని దాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఇవ్వనే. ఇది నాది. మీ అమ్మని చూడాలనిపిస్తే ఇంటికి రా."