ఏ బస్సైనా సరే

మా మనవరాలు రాగం అందుకుంటే వీధి చివర ఇస్త్రీ దుకాణంలో పెట్టె పక్కన పెట్టి చెవులు మూసుకుంటారు. ఇది పెంచి చెబుతున్న మాట కాదు, కావాలంటే వెళ్లి అడగండి. ఎదురింటివాళ్లు దానికి సైరన్ అని పేరు పెట్టారు. మొదట్లో ఆ మాట విని వాళ్ల మీదికి ఒంటికాలి మీద లేచాను. నెల తిరిగేసరికి నేనూ అలాగే పిలుస్తున్నాను.

పుట్టి మూడు నెలలైంది. నిద్రపోయేటప్పుడు, పాలు తాగేటప్పుడు తప్ప మిగతా వేళంతా గుక్కపట్టి ఏడుపే. ఇద్దరు డాక్టర్లకు చూపించాం. కడుపు నొక్కారు, చెవులు చూశారు, బరువు తూచారు. పిల్ల నిక్షేపంగా ఉందన్నారు. రెండో ఆయన మాట మాకు వినబడక కాగితం మీద రాసి చూపించాల్సి వచ్చింది.

మావాడికి కళ్లజోళ్ల దుకాణం. చిన్న చిన్న మరలు బిగించే పని కదా, ఓపిక ఎక్కువ. కూతురి ఏడుపుకి ఇంట్లో చప్పుళ్లే కారణమని వాడే కనిపెట్టాడు. కుర్చీ కాళ్లకు గుడ్డలు చుట్టాడు, కాలింగ్ బెల్లు వైరు పీకేశాడు, కుక్కరు అటకెక్కించాడు. అందరూ గుసగుసగానే మాట్లాడాలని హుకుం జారీ చేశాడు. నేను బళ్లో డ్రిల్లు టీచరుగా పనిచేసి రిటైరైన మనిషిని. గ్రౌండు ఈ మూల నిలబడి కేకేస్తే ఆ మూల పిల్లలు వరస సర్దుకునేవారు. అలాంటిదాన్ని, ఉప్పు డబ్బా ఎక్కడుందని అడగడానికి కూడా దొంగలా చెవిలో ఊదాల్సి వచ్చింది. ఇంత చేసినా సైరన్ తన పని తాను చేసుకుపోయేది. చుట్టూ నిశ్శబ్దం కదా, ఇంకా బాగా వినబడేది.

అందరికంటే నలిగిపోయింది మా కోడలు. ఆవిడ బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎప్పుడు కదులుతుందో మైకులో చెప్పే ఉద్యోగం. ఇంట్లో మాత్రం కూతుర్ని గుండెలకు హత్తుకుని, ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టున్న సన్నని గొంతుతో "బుజ్జీ, బంగారూ, నా చిట్టితల్లీ" అని బతిమాలుకునేది. పిల్ల రెండింతలు లంకించుకునేది. నా చేతుల్లోనో, వాళ్ల నాన్న భుజం మీదో ఏడ్చి ఏడ్చి అలిసి కాసేపైనా ఊరుకునేది. తల్లి దగ్గర ససేమిరా.

ఒక మధ్యాహ్నం కోడలు పిల్లను నా ఒళ్లో పెట్టి, గోడకు చేరగిలబడి కూర్చుంది.

"అత్తయ్యా, దీనికి నేనంటే పడదు."

"పిచ్చిదానా, మూడు నెలల పిల్లకి పడటం, పడకపోవడం ఏమిటి?"

"సీసాతో ఎవరు పట్టినా పాలు తాగుతుంది. ఇంక నాతో దానికేం పని చెప్పండి? నేనెత్తుకుంటే చాలు, ఎవరో పరాయిదాని చేతిలో పెట్టినట్టు చూస్తుంది."

ఏం చెప్పినా వినే స్థితిలో లేదు. ఆ వారంలోనే వాళ్లక్క ఫోను చేసింది. పొరుగూళ్లో ఉంటుంది, కవలల్ని పెంచిన చేయి, మంచి మనిషి. "కొన్నాళ్లు పిల్లను నా దగ్గర ఉంచు. నువ్వు డ్యూటీలో చేరి కాస్త తేరుకో. మాటలొచ్చాక తెచ్చుకుందువుగాని" అంది. కోడలు సరేనంది. మావాడు తల వంచుకుని సరేనన్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. మాటలొచ్చేనాటికి అది ఎవర్ని అమ్మా అని పిలుస్తుందర్రా అని అడగాలనుకున్నాను. కోడలి ముఖం చూసి ఆ మాట మింగేశాను.

ఆదివారం పొద్దున అక్కగారు బస్సు దిగి, పిల్లను తీసుకుని, అదే బస్సులో తిరిగి వెళ్లేటట్టు మాట. మావాడు రానన్నాడు. చూడలేనన్నాడు. కోడలు గౌన్లు, లంగోటాలు, పాలసీసాలు సంచిలో సర్దింది. నేను సైరన్‌ని ఎత్తుకున్నాను. దారి పొడవునా అది ఆకాశం బద్దలయ్యేలా ఏడుస్తూనే ఉంది. ఆటో డ్రైవరు మమ్మల్ని దింపి, డబ్బులు లెక్కపెట్టుకోకుండా పారిపోయాడు.

బస్టాండులో అంతా గందరగోళంగా ఉంది. ఒకవైపు నేల తవ్వి రిపేర్లు చేస్తున్నారు. బస్సుల చోట్లు మారిపోయాయి. డ్యూటీలో ఉన్న అమ్మాయికి గొంతు పోయిందట, మేనేజరుగారే మైకు పట్టుకున్నారు. "రేవు బస్సు ఐదో ప్లాట్‌ఫారం... కాదు కాదు, మూడు. ఆగండి, కనుక్కుని చెబుతాను" అంటున్నారు. జనం మూటలు నెత్తిన పెట్టుకుని అటూ ఇటూ పరుగులు. ఆయన గొంతుకి మా పిల్ల ఇంకో మెట్టు పైకెక్కింది.

అద్దాల గదిలోంచి మేనేజరు మా కోడల్ని చూశారు. గబగబా బయటికొచ్చారు.

"అమ్మా, సెలవులో ఉన్నారని తెలుసు. ఈ నాలుగు బస్సులూ పంపించి పుణ్యం కట్టుకోండి. జనం నన్ను తన్నేలా ఉన్నారు."

కోడలు నా వైపు చూసింది. వెళ్లమన్నాను. అక్కగారి బస్సు ఇంకా రాలేదు. పిల్ల నా భుజం మీద నీలుక్కుపోతూ ఏడుస్తోంది.

"ప్రయాణికులకు గమనిక."

నిదానంగా, నిండుగా, ఒత్తులు ఎక్కడివక్కడ పలుకుతూ వచ్చింది ఆ గొంతు. "రేవు మీదుగా వెళ్లు బస్సు, మూడవ ప్లాట్‌ఫారం నుండి, మరికొద్ది సేపట్లో బయలుదేరును."

నా చెవి పక్కన ఏడుపు ఆగిపోయింది.

పిల్లకేదో అయిందనుకుని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి ఆడుతోంది. నోరు తెరుచుకుని, కళ్లు విప్పార్చుకుని, పైనున్న లౌడ్‌స్పీకరు వైపు మెడ తిప్పి చూస్తోంది. నాలుగు బస్సులు చెప్పేదాకా ఉలుకూ పలుకూ లేదు. మైకు ఆగగానే పెదవి విరిచి మళ్లీ మొదలుపెట్టింది.

మావాడి హుకుం, గుసగుసలు అన్నీ గాలికొదిలేసి, నా డ్రిల్లు గొంతు బయటికి తీశాను.

"అమ్మాయ్, మళ్లీ చెప్పు."

కోడలు అద్దంలోంచి తెల్లబోయి చూసింది. "ఏ బస్సు అత్తయ్యా?"

"ఏ బస్సైనా సరే."

నా కేకకు అలవాటుగా భయపడి, అప్పటికే వెళ్లిపోయిన రేవు బస్సునే మళ్లీ చెప్పింది. పది మంది మూటలెత్తుకుని మూడో ప్లాట్‌ఫారానికి పరుగెత్తారు. మేనేజరు తల పట్టుకున్నారు. మా పిల్ల మాత్రం చప్పున ఊరుకుంది. నేను ఎవరి అనుమతీ అడక్కుండా ఆ గదిలోకి వెళ్లి, మైకు ఆపించి, పిల్లను తల్లి చేతుల్లో పెట్టాను.

"ఇప్పుడు చెప్పు. బుజ్జీ బంగారం గొంతు కాదు, నీ గొంతుతో."

"ప్రయాణికులకు గమనిక" అంది కోడలు. పిల్ల ఆవిడ పెదవుల వంకే చూసింది. చెయ్యి చాచి కింది పెదవి పట్టుకుంది.

"అత్తయ్యా, నెలలు నిండేదాకా డ్యూటీ చేశాను కదా. పొద్దస్తమానం ఇదే విన్నదేమో."

"వింది కాబట్టే వెతుక్కుంది. ఆ గొంతు మనిషి ఏదని మూడు నెలలుగా మనందర్నీ నిలదీస్తోంది. మనకే బుర్ర లేదు."

కోడలికి కన్నీళ్లు ధారగా కారిపోతున్నాయి. "ఇది నన్ను ఎరుగును అత్తయ్యా" అంది. "అందరికంటే ముందు నన్నే ఎరుగును." నేనూ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. మేనేజరు ఎందుకో తెలియకుండానే కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

అంతలో అక్కగారు మమ్మల్ని వెతుక్కుంటూ గది గుమ్మం దగ్గరికొచ్చింది. సంచి అందుకుని భుజానికి తగిలించుకుని చేతులు చాచింది.

"ఏదీ నా తల్లి? ఇటియ్యవే, బస్సు మళ్లీ కదిలిపోతుంది."

కోడలు కూతుర్ని ఇంకా దగ్గరికి తీసుకుంది. దాని ముఖంలోకే చూస్తూ, నిదానంగా, నిండుగా పలికింది.

"ప్రయాణికులకు గమనిక. పెద్దమ్మగారు వచ్చిన బస్సు తిరిగి బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నది. అందులో పెద్దమ్మగారు ఒక్కరే ప్రయాణించెదరు."

పిల్ల నోరు తెరుచుకుని వింటోంది. అక్కగారు చెల్లెల్నీ, పిల్లనీ, తడి కళ్లతో నిలబడ్డ మమ్మల్నీ మార్చి మార్చి చూసింది.

"ఏమైంది అత్తయ్యగారూ? ఎవరైనా తప్పిపోయారా ఏమిటి?"

"అవునమ్మా" అన్నాను. "దీని తల్లి తప్పిపోయింది. ఇప్పుడే దొరికింది."